వంటింటి గట్టు ఎత్తు

ఏమండీ,

సుంకన్న మేస్త్రీ పదింటికి వస్తాడు. బాత్రూం టైల్స్ రంగు అడిగితే మీరేమీ చెప్పకండి, నాకు ఫోన్ చేయమనండి. డిజైనర్లెందుకు, మనకు బుర్ర లేదా అన్నారుగా. ఆ బుర్రతోనే వంటింటి గట్టును ఆరడుగుల మనిషి, మీ నడుముకు సరిపోయేలా కట్టించారు. నిన్న నేను పీట ఎక్కి పప్పు తాలింపు పెడుతుంటే మేస్త్రీ చూశాడు. "సారు నిలబడి కొలత ఇచ్చినాడు కదమ్మా, వంట ఆయప్పే చేస్తాడనుకుంటి" అన్నాడు. నేను కాదనలేదు.

వంకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆఫీసయ్యాక హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో క్యాబ్ దొరికి నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. కూరలో ఉప్పు తక్కువైనా ఏమీ అనను.

వరూధిని

పీట పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. మీకెలాగూ అక్కర్లేదు.