పేరు చెప్పకుండా చదివిన ఉత్తరం

స్టాంగె, 14 సెప్టెంబరు 1958

ప్రియమైన తోరాకి,

ఏమే, బతికే ఉన్నావా? వేసవి మొదట్లో రాసిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు లేదు. వంటా కుట్టూ నేర్పే ఆ గృహిణుల బడిలో మనిద్దరం ఒకే గదిలో ఉన్నప్పుడు నిద్రలో కూడా వాగేదానివి. ఇప్పుడు కలం పట్టడానికి బద్ధకమా?

ఇక్కడ అంతా బాగుంది. ఈసారి ప్లమ్ పళ్లు విరగకాశాయి, ఇరవై సీసాల జామ్ పెట్టాను. వంటింట్లోకి కుళాయి వచ్చింది, వేడినీళ్లతో సహా. తిప్పినప్పుడల్లా దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. హాల్వర్ కొత్త ట్రాక్టరు కొన్నాడు. దాన్ని తుడిచే ప్రేమ పెళ్లాం మీద లేదని పాలేరు నవ్వుతాడు.

మా ప్రార్థనా మందిరంలో కుట్టు సంఘం ఉంది కదా, గురువారాల్లో పన్నెండుమందిమి కూర్చుని మేజోళ్లు అల్లుతాం. కాఫీ అయ్యాక ఒక్కొక్కరూ ఆ వారం దేవుడికి దేనికి కృతజ్ఞత చెప్పుకోవాలో వంతులవారీగా చెప్పాలి. ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పకూడదని సంఘం పెద్ద క్లారా గారి నియమం. నాకైతే ఇల్లంతా దేవుడిచ్చినవే కనిపిస్తాయి, ఏది చెప్పాలో తేల్చుకోలేక చస్తున్నాను.

మీ ఆయన ఎడ్విన్ నడుం నొప్పి తగ్గిందా? ఈ శీతాకాలం చేపల వేటకు వెళ్తాడా?

నీకోసం ఒక సీసా దాచి ఉంచిన
రాగ్నా


హెస్టోయ్, 9 అక్టోబరు 1958

ప్రియమైన రాగ్నా,

నీ ఉత్తరాలన్నీ అందాయి. రాయకపోవడం బద్ధకం కాదు. కుళాయి సంగతి చదివి సంతోషించాను, కొంచెం ఏడుపు కూడా వచ్చింది. అసూయ అనుకోకు. అనుకున్నా ఫర్వాలేదు, ఉంది.

ఎడ్విన్‌కి నడుం నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. పోయిన మార్చిలో పడవ తిరగబడి వాళ్ల తమ్ముడు పోయాడని రాశాను కదా. ఆ రోజు ఎడ్విన్ నీళ్లలో తమ్ముడి చెయ్యి పట్టుకునే ఉన్నాడట. ఆ చెయ్యి ఎప్పుడు జారిపోయిందో తనకే తెలియదట. ఒకే ఒక్కసారి నాతో చెప్పాడు, మళ్లీ ఎత్తలేదు. అప్పటినుంచి పడవ ఎక్కలేకపోతున్నాడు. రేవుదాకా వెళ్తాడు, వెనక్కొచ్చి పడవల కొట్టంలో తలుపేసుకుని కూర్చుంటాడు. నడుం నొప్పి అన్న మాట నేనే పుట్టించాను. ఇల్లు గడవాలి కదా, నేను షెడ్డులో చేపలు కోస్తున్నాను. నా చేతులు చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

పడవ యజమాని పెడర్ ఎడ్విన్ చోటు ఇంకా ఖాళీగా ఉంచాడు, కొత్త సంవత్సరానికి రమ్మన్నాడు. ఈ మధ్య మా ఆయన కొంచెం తేరుకుంటున్నాడు. మొన్న రేవుకు కట్టేసి ఉన్న పడవలో దిగి పావుగంట కూర్చున్నాడు. నేను షెడ్డు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఇంకో మూడు నెలలు ఎవరికీ తెలియకుండా గడిస్తే చాలు, వెళ్తాడు. భయపడేవాణ్ణి మావాళ్లు పడవ ఎక్కించుకోరు. వాడి భయం మిగతావాళ్లకూ అంటుకుంటుందంటారు.

ఈ సంగతి మా అమ్మకు కూడా చెప్పలేదు. నీకొక్కదానికే. ఎవరికీ చెప్పకు రాగ్నా.

నీ తోరా


స్టాంగె, 21 నవంబరు 1958

ప్రియమైన తోరా,

నీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, సంచిలోనే పెట్టుకు తిరుగుతున్నాను.

నిన్న సంఘంలో నా వంతు వచ్చినప్పుడు దాన్నే చదివి వినిపించాను. కంగారు పడకు, నీ పేరు చెప్పలేదు, దీవి పేరూ చెప్పలేదు. ఎడ్విన్ పేరు వచ్చిన చోటల్లా "ఆమె భర్త" అని చదివాను. అల్లికలు పక్కన పెట్టి అందరూ కళ్లు తుడుచుకున్నారు. క్లారా గారు, "మనం ఊరికే సణుక్కుంటాం గానీ, చూశారా, మన మగవాళ్లు సాయంత్రానికి క్షేమంగా ఇంటికొస్తారు. అదే పెద్ద వరం" అన్నారు. నిజమే అనిపించింది. ఎన్నాళ్లకో నా మనసు తేలికపడింది, అది నీ వల్లే.

అందరూ మీకోసం ప్రార్థించారు. మేజోళ్లు, కాఫీ పొట్లం, పిల్లలకు స్వెటర్లు పార్సిల్ చేశారు. నా పేరుతోనే పంపుతున్నాను, ఎవరికీ అనుమానం రాదు.

ధైర్యంగా ఉండమని కోరే
రాగ్నా


హెస్టోయ్, 18 జనవరి 1959

రాగ్నా,

పార్సిల్ అందింది. తిరిగి పంపేద్దామనుకున్నాను. పిల్లల కాళ్లకు మేజోళ్లు తొడిగాక ఇక విప్పబుద్ధి కాలేదు.

మీ క్లారా గారి చెల్లెలి కూతురు మా పక్క దీవిలో టీచరు. అది నీకు తెలియదనే అనుకుంటున్నాను. క్రిస్మస్ ఉత్తరంలో ఆవిడ మా కథంతా ఆ అమ్మాయికి రాశారు, మంచి ఉద్దేశంతోనే, ఎవరిదో తెలియకుండానే. ఆ అమ్మాయి నలుగురికీ చెప్పింది, అది మా రేవుదాకా వచ్చింది. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు, నడుం నొప్పని ఇంట్లో కూర్చున్నవాడు, పెళ్లాం షెడ్డులో చేపలు కోస్తున్నవాడు. ఇక్కడ అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారనుకున్నావు? నువ్వు దాచింది పేరొక్కటే.

మూడో తారీఖున ఎడ్విన్ సంచి భుజాన వేసుకుని రేవుకు వెళ్లాడు. నేను వెళ్లమనలేదు, తనంతట తానే. పిల్లల్ని పట్టుకుని నేను వెనకాలే నిలబడ్డాను. పడవలోంచి ఒకడు, "ఏం ఎడ్విన్, నడుం బాగైందా? లేకపోతే ఈసారి నీ చెయ్యి మేం పట్టుకోవాలా?" అన్నాడు. అందరూ నవ్వలేదు, ఇద్దరే నవ్వారు. పెడర్ చెడ్డవాడు కాదు. తల దించుకుని, "ఈ ఏడాదికి వద్దులే ఎడ్విన్, మావాళ్లు ఒప్పుకోవడం లేదు" అన్నాడు.

ఎడ్విన్ ఇంటికొచ్చి సంచి విప్పి బట్టలన్నీ మళ్లీ అరలో సర్దాడు. అప్పుడడిగాడు, "చెయ్యి సంగతి నీకొక్కదానికే చెప్పాను కదా. నువ్వెవరికి చెప్పావు తోరా?" నీ పేరు చెప్పాను. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అసలు నేను నీకు రాయకుండా ఉండాల్సింది. నీ మీదకంటే నా మీదే కోపం ఎక్కువ. నీ మీద కూడా ఉంది.

తోరా


స్టాంగె, 2 మార్చి 1959

ప్రియమైన తోరా, అలా పిలిచే అర్హత నాకింకా ఉంటే,

ఐదు ఉత్తరాలు రాసి చింపేశాను. అన్నిటిలోనూ నా ఉద్దేశం మంచిదని రాశాను. అది అబద్ధం కాబట్టే చింపాను.

ఆ గురువారం నా వంతు వచ్చేసరికి నా దగ్గర చెప్పడానికేమీ మిగల్లేదు. జామ్ అయిపోయింది, కుళాయి అయిపోయింది, ఎండ కూడా చెప్పేశాను. హాల్వర్ నాతో మాట్లాడి మూడేళ్లయింది. పోట్లాట ఏమీ లేదు. మూడోసారి కడుపు పోయినప్పుడు ఆస్పత్రినుంచి ఇంటికి తీసుకొచ్చాడు, అక్కడితో మాట ఆగిపోయింది. ఉప్పు కావాలంటే లేచి తనే తెచ్చుకుంటాడు. నీకు రాసినవేవీ అబద్ధాలు కావు, పళ్లు నిజంగానే కాశాయి. కాకపోతే అవన్నీ వరసగా రాసుకుంటే తప్ప ఇది నాకు ఇల్లులా అనిపించేది కాదు.

సంచిలో నీ ఉత్తరం ఉంది. తీసి చదివాను. చదువుతుంటే, నాకంటే కష్టంలో ఉన్నది ఒకతె ఉందని హాయిగా అనిపించింది. ఇంతకంటే మర్యాదగా ఎలా చెప్పాలో తెలియడం లేదు.

పోయిన గురువారం సంఘంలో లేచి ఇదంతా చెప్పాను, హాల్వర్ సంగతితో సహా. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. క్లారా గారు కాఫీ పోయడం మొదలుపెట్టారు.

ఎవరికి ఏమని రాస్తే ఎడ్విన్ చోటు తిరిగొస్తుందో చెప్పు, రాస్తాను. మీ రేవులో నిలబడి తప్పు నాదని చెప్పమన్నా చెప్తాను.

రాగ్నా


హెస్టోయ్, 24 మే 1959

ప్రియమైన రాగ్నా,

ఎవరికీ ఏమీ రాయకు. ఇక్కడికి రాకు. వేట కాలం అయిపోయింది. ఎడ్విన్ దక్షిణాన ఒక రంపపు మిల్లులో చేరాడు, సముద్రం కనిపించని చోట. ఇల్లు దొరకగానే మమ్మల్ని తీసుకెళ్తాడు. ఆ రోజు రానిచ్చి ఉంటే పడవ ఎక్కేవాడా అని నువ్వు అడగలేదు గానీ, ఎక్కేవాడు. వెనక నిలబడి చూసినదాన్ని, నాకు తెలుసు.

నీకు జవాబు రాయడానికి రెండు నెలలకు పైనే పట్టింది. కూర్చున్న ప్రతిసారీ నిన్ను ఓదార్చాలనే మొదలుపెట్టాను. మూడు కడుపులు పోతే నాకు ఒక్క ముక్క రాయలేదేమే? రాసి ఉంటే నేనూ నా సంగతి ముందే చెప్పి ఉండేదాన్ని, ఇద్దరం కలిసి ఏడ్చి ఊరుకునేవాళ్లం.

ఓదార్చలేకపోవడానికి కారణం చెప్తాను. ఒకరోజు షెడ్డులో చేపలు కోస్తుంటే నీ హాల్వర్ గుర్తొచ్చాడు. ఎడ్విన్ నాకు వారం వారం ఉత్తరం రాస్తాడు. ఏం తిన్నాడో, పక్క మంచంవాడు ఎలా గురకపెడతాడో అన్నీ రాస్తాడు. నన్ను క్షమించాడని కాదు, కానీ రాస్తాడు. ఎంత దూరంలో ఉన్నా మా ఆయన నాతో మాట్లాడుతున్నాడు, పాపం రాగ్నాకి అది కూడా లేదు అనుకున్నాను. అనుకోగానే ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో. ఆ రోజంతా చేతుల నొప్పి తెలియలేదు. పక్కనున్నావిడ, "ఏమిటి తోరా, పాట పాడుతున్నావు?" అని అడిగింది కూడా.

ఇంటికొచ్చి పిల్లలకు అన్నం పెడుతుంటే అప్పుడు తెలిసింది, నేనేం చేశానో.

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. మనిద్దరికీ అంతే తేడా.

నీ తోరా