ముందు బరువు

ఏమండీ,

మాఘ పున్నమికి సముద్ర స్నానానికి వెళ్లొచ్చాం. మీరు పోయాక ఇదే మొదటిసారి. నేను రానన్నాను. "వాడున్నప్పుడు ఒక్కేడన్నా మానినామా?" అని మీ అమ్మ నన్ను గూడుబండి ఎక్కించింది. ఎప్పటిలాగే మీ తమ్ముడు తోలాడు. ముందర అతని పక్కన మీ చోటు ఖాళీ.

ఊరు దాటినప్పటి నుంచీ బండి వెనక్కి వాలుతూనే ఉంది. కాడి పైకి లేచి, మెడతాళ్లు ఎద్దుల గొంతులు నొక్కుతున్నాయి. అవి మొరాయిస్తున్నాయనుకుని మీ తమ్ముడు వాటినే కొట్టాడు. చివరికి పిల్లల్ని ముందుకు పిలిచి కూర్చోబెట్టినా, వాళ్ల బరువు చాలలేదు.

కావలి రైలు గేటు దగ్గర ఆగి చద్దన్నం తింటుంటే, పక్క బండి ముసలాయన మన ఎద్దుల మెడలు తడిమి చూశాడు.

"ఎనక బరువయిపోయింది నాయనా. ముందర కూర్చునే మనిషి ఎవురన్నా తగ్గినారా?"

మీ అమ్మ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మీ పొట్ట చూసి ఎన్నిసార్లు నవ్వానో గుర్తుందా? ఎద్దులు పాపమనేదాన్ని.

దాణా గోతాం ఖాళీ చేసి, రోడ్డు పక్క ఇసుక నింపి మీ చోట పెట్టారు.

"ఇంకొంచెం పొయ్యండి," అన్నాడు ముసలాయన. పోశారు. "ఆ, సరిపోయింది."

మన చిన్నది కాసేపు చూసింది. తర్వాత వెళ్లి ఆ గోతానికి వీపు ఆనించి కూర్చుంది.

సముద్రం దాకా, మళ్లీ ఇంటి దాకా, బండి ఒక్కసారి కూడా వెనక్కి వాలలేదు.