ఆఖరి భాగం నాదే

సోమవారం
ఇవాళ్టి నుంచి దొంగ సీరియల్ చూడను! ఈయన యూనివర్సిటీ నెట్‌వర్క్ ఆఫీసులో పని చేస్తారు. సినిమాలూ సీరియళ్ళూ డబ్బు కట్టకుండా నెట్‌లో దించుకుని పంచేవాళ్ళను పట్టుకుంటే ఉద్యోగం పర్మనెంటట. లేకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. దొంగల్లో ఒకతి ఇంట్లోనే ఉందని పాపం తెలియదు. ల్యాప్‌టాప్ మూసి, పైన ఇస్త్రీ బట్టలు పెట్టేశాను.

మంగళవారం
చూడలేదు! కిటికీలు తుడిచాను. అవతలి వైపు కూడా.

బుధవారం
పక్కింటి అక్క పెన్‌డ్రైవ్‌తో వచ్చింది. "చెల్లీ, వాడు తలుపు తీయబోతుంటే ఆపేశారే! తర్వాతది పెట్టివ్వు, నీ పుణ్యం ఉంటుంది."
"లేదు" అనే మాట నాకు నోట్లో పుడుతుంది, పెదవి దాటదు. అయినా ఇది అక్క కోసం. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి కాబట్టి చూశాను. మొత్తం.

గురువారం
పై ఇంటి పిన్నిగారికి, ఎదురింటి వదినకి కూడా. దించుకున్నాక ల్యాప్‌టాప్ ఆపకపోతే, అది మన దగ్గరున్నది ఇంకొకరికి పంపుతుందట. మా మరిది చెప్పాడు. తీసుకుని మూట కట్టుకుంటే ఏం మర్యాద? పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగిస్తామా? బట్టల కింద అలాగే నడవనిచ్చాను.

శుక్రవారం
"దొరికాడోయ్!" అంటూ వచ్చారు ఈయన. "హాస్టల్ పిల్లలు నయం, దించుకుని ఆపేస్తారు. వీడు ధర్మసత్రం తెరిచాడు! మన క్వార్టర్ల వరుసలోనే."
గరిట జారింది.
"ఏమైంది?"
"చెయ్యి కాలింది."
స్టవ్ వెలిగించనే లేదు.

శనివారం
వైరు వెంట ఒక్కో ఇల్లూ చూసుకుంటూ వచ్చి మా గుమ్మంలో ఆగారు. బట్టలు తీశారు. ల్యాప్‌టాప్ వెచ్చగా ఉంది.
"నువ్వా?"
తలూపాను.
"ఆపకుండా ఎందుకు వదిలేశావ్?"
"తీసుకుని ఊరుకుంటే బాగోదని..."
ఏడవాలో నవ్వాలో తెలియని మొహం పెట్టారు. మా కనెక్షన్ తనే పీకి, వెళ్ళి ఆఫీసరుగారితో చెప్పేశారు. తిరిగొచ్చి నాతో అన్నారు:
"సొంతింటినే వదలనివాడు ఇంకెవరిని వదులుతాడు, ఉద్యోగంలో ఉండు అన్నారు. ఇంకోసారైతే మాత్రం మూటాముల్లే సర్దుకోవడమే."

ఆదివారం
ముగ్గురూ మెట్ల మీదికి వచ్చేశారు. ఆఖరి భాగం కావాలట. "లేదు" అందామని నోరు తెరిస్తే "కూర్చోండి, చెప్తాను" అని వచ్చింది! నేను మాత్రం చూశానా? అల్లేశాను. పిన్నిగారు కళ్ళు ఒత్తుకున్నారు. నలుగురిలో నేనింత మాట్లాడటం ఇదే మొదలు.
"నోటితో చెప్పినా తప్పేనా?" అని ఈయన్ని అడిగాను.
"దానికింకా రూలు రాలేదులే."

సోమవారం
కుళాయి దగ్గర పక్కింటి అక్క నా ముగింపు అందరికీ చెబుతోంది, తనే చూసినట్టు! పైగా నేను బతికించిన తల్లిని చంపేసింది! ఒళ్ళు మండింది. నా కథ! నన్నొక్క మాట అడగక్కర్లేదా?
బకెట్టు పొంగిపోతున్నా చూసుకోలేదు. ఆ సీరియల్ తీసినవాళ్ళకీ ఇలాగే మండి ఉంటుంది.
అందుకే, ఇక దొంగ సీరియల్ ముట్టను. ఖాయం. రేపటి నుంచి. వదిన ఫోన్‌కి అసలు ఆఖరి భాగం ఎవరో పంపారట. ఎవరి ముగింపు బాగుందో ఇవాళ ఒక్కసారి చూసుకోవాలి కదా!