నీలవేణి చదివిన కాగితం

జులై 8, సోమవారం

ఏడో తరగతి చేత తెలుగు పుస్తకం మూయించాను. రేపు ఇంట్లో అక్షరాలున్న కాగితం ఏది కనబడితే అది తెమ్మన్నాను. హెచ్.ఎం. వైకుంఠరావు గారు సిలబస్ ఎప్పుడవుతుందని అడిగారు. నవ్వి ఊరుకున్నాను. ట్రైనింగ్‌లో నేర్పినది ఈ ఉద్దానం బడిలో ఒక్కసారైనా చేసి చూడాలని నా పట్టుదల.

జులై 9

పెళ్లి కార్డు, జీడిపప్పు ప్యాకెట్, ఎరువు బస్తా ముక్క, పూండి రైలు టికెట్. క్లాసంతా సందడి. నీలవేణి వాళ్ల నాన్న చొక్కా జేబులో దొరికిన ల్యాబ్ రిపోర్టు తెచ్చింది. అందరికన్నా బాగా చదివేది తనే కాబట్టి నిలబెట్టి చదివించాను. పేరు అప్పలరాజు. వయసు నలభై ఒకటి. క్రియాటినిన్ ఆరు పాయింట్ ఎనిమిది. ఎక్కడా తడబడలేదు. వెరీ గుడ్ అన్నాను.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఇంటింటా కిడ్నీ రోగులున్న ఈ ఊళ్లో పిల్లలకి ఎక్కాలకన్నా ముందు ఆ అంకెలు తెలుసు. ఒకటిన్నర దాటితే కిడ్నీలకి జబ్బు చేసినట్టే. రోజూ టెక్కలి నుంచి బస్సులో వచ్చిపోయే నాకే ఆలస్యంగా తట్టింది. నీలవేణి ఆ కాగితాన్ని మడతల మీద మడతలు పెడుతూ కూర్చుంది.

జులై 10

తల్లి మంగ బడికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమెకి చదువు రాదు. భర్త ఇన్నాళ్లూ తను మింగేవి గ్యాస్ మాత్రలని చెప్పాడట.

"మీ మీద కోపమేటీ నేదు మేడమ్మా. ఆయన దాసినాడు. నా కూతురు సదివినాది, నాకు తెలిసినాది."

పలాస ఆసుపత్రికి తీసుకెళ్తోందట.

జులై 19

చదవమంటే నీలవేణి లేచి నిలబడుతోంది. నోరు విప్పదు.

జులై 24

ఈరోజూ అంతే. ఆ పిల్ల నోట్లోంచి చదువు లాగేసింది నేనే. ఇంకెవరినీ అనడానికి లేదు.

ఆగస్టు 3, సాయంత్రం

పలాస ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో బల్ల మీద ముగ్గురూ ఉన్నారు. అప్పుడే కొత్త రిపోర్టు చేతికొచ్చింది. మంగ దాన్ని కూతురికిచ్చి చదవమంది. నేను నీలవేణి వెనకే నిలబడ్డాను. కాగితం మీద తొమ్మిది పాయింట్ రెండు అని ఉంది.

"నాలుగు పాయింట్ రెండు. తగ్గినాదమ్మా" అని చదివింది నీలవేణి. ఎక్కడా తడబడలేదు.

అప్పలరాజు తల దించుకున్నాడు. మంగ కొంగుతో కళ్లొత్తుకుని నావైపు తిరిగి దణ్ణం పెట్టింది.

నేను దిద్దలేదు.