బెరడు కింద పచ్చ

మార్చి 9
పారిజాతం ఆకులన్నీ రాలినయ్. వాకిలి ఊడ్సుకుంట అత్తమ్మ ఒకటే సణుగుడు. ముంగట మోడు ఉంటే ఇంటికి మంచిది కాదంట. నిరుడు దసరాకు పూలు రాలితే ఏరి దేవునికి పెట్టింది ఈమెనే. మా తల్లిగారి ఊరు బంట్వారం దిక్కు ఎండకాలం గిట్లనే రాలుతది, మళ్ల చిగురిస్తదని చెప్పిన. వింటేనా.

మార్చి 14
మోడు పీకేసి వాకిలంత బండ పరిపిస్తరంట. తాండూరుల బండకేం కొదవ? ఇంట్ల బండ, గోడకు బండ, కూసునే అరుగు బండ. గా మూలకు జర మన్ను మిగిలింది, అండ్ల మా అమ్మ ఇచ్చిన చెట్టు. ఈ ఇంట్ల నాది అని ఇదొక్కటే. మా ఆయన సంతోష్‌కు చెప్తే అమ్మను అడుగు అన్నడు. నేను పెండ్లి చేసుకున్నది ఈయననా, వాళ్లమ్మనా? మస్తు కోపమొచ్చింది.

మార్చి 20, పొద్దుగాల 6
మొదలు కాడ గోరుతోటి గీకిన. బెరడు కింద పచ్చగుంది! అత్తమ్మను పిలిచి చూపిచ్చిన. నమ్మక ఆమె కూడా గీకి చూసింది. సరే, మేస్త్రి వచ్చేదాకా ఆగుదాం, అప్పటికీ ఆకు రాకుంటే పీకిపిస్త అన్నది.

మార్చి 21
గీకిన. పచ్చనే.

ఏప్రిల్ 2
పానం నిమ్మళం లేదు. పొయ్యి మీద పప్పు పెట్టి ఉరికి చూసొస్తున్న. చూస్తే సాలదు, గీకాలె. అత్తమ్మ కూడ వస్త పోత గీకుతున్నది. పక్కింటి పద్మారాణి వస్తే ఆమెతోటి గూడ గీకిపిచ్చిన. ఈలోపు పప్పు మాడింది.

ఏప్రిల్ 19
మేస్త్రి శంకరప్ప సోమవారం వస్తడంట. ఒక్క ఆకు లేదు. పరేషాన్.

ఏప్రిల్ 20, మధ్యాహ్నం
నీళ్లు పోస్తుంటే కనవడ్డది. మొదలు చుట్టూత బెరడే లేదు. అందరి గీతలు కలిసిపోయినయ్. చేన్ల అడ్డమొచ్చిన తుమ్మను సంపాలంటే మా నాయిన గిట్లనే చుట్టూ బెరడు తీసి ఇడిసిపెడుతుండె. అది తెల్సిన దాన్ని నేను. బతికున్నదా అని చూసుకుంట చూసుకుంట నేనే సంపిన.

ఏడ్సుకుంట అత్తమ్మకు చెప్పిన. తిట్టలే. తనూ గీకింది గద. రంపం తెచ్చి నా చేతుల పెట్టింది. దెబ్బ కిందికి కోసెయ్, వేరు మంచిగుంటే లేస్తది అన్నది. కోసిన.

ఏప్రిల్ 21
బండలు పరుసుడు అయిపోయింది. ఆ మూలకు రాంగనే అత్తమ్మ స్టూల్ వేసుకొని మొద్దు ముంగట కూసున్నది. ఎంత చెప్పినా లేవలే. శంకరప్ప కన్నడంల ఏందో గొణుక్కుంట బండను చుట్టూ కోసి పరిచిండు.

మే 28
మొద్దు పక్కన మన్నుల ఏదో పచ్చగ. గోరు పెట్టబోతుంటే అత్తమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న.