జముడిని మార్చిందెవరు

కోసపాళయం, పుదుచ్చేరి
సోమవారం

కోపమొస్తే కాగితం తీసుకోమని చెప్పిన రుక్మణత్తకు,

బస్సెక్కితే గంటలో ఏంబలంలో నీ అరుగు మీద ఉంటాను. ఫోనైతే అంత కూడా అక్కరలేదు. అయినా రాస్తున్నాను, కోపంగా ఉన్నప్పుడు నా ఫోను ఎత్తనని నువ్వే అన్నావు కాబట్టి. "తెలుగులో రాయిరా, నీకు ఒత్తులు గుర్తొచ్చేలోపల సగం కోపం పోతుంది" అన్నావు. ఒత్తులన్నీ గుర్తొస్తున్నాయి. కోపం మాత్రం పోవడం లేదు.

నువ్వు 'ఉప్పుకోట' సీరియల్ చూస్తున్నావా? మామ ఎరువుల కొట్టు మూసే వేళకే వస్తుంది, చూసే ఉంటావు. ఆ నవలను టీవీలో తీస్తున్నారని తెలిసినప్పుడు, మన కొట్టుకు పచ్చకర్పూరం కోసం వచ్చినవాళ్ళకు కూడా చెప్పాను, అది మా ఇంటి పుస్తకమని. మన ఇంటిదే కదా. మధ్యాహ్నం భోజనాలయ్యాక నువ్వు నడవలో కూర్చుని చదువుతుంటే, అవ్వ పూలు కడుతూ, పక్కింటి తిలకవతమ్మ గోడ మీద మోచేతులు ఆనించి, నేను నేల మీద బోర్లా పడుకుని విన్నాం. మాట్లాడేది తెలుగైనా మన ఇంట్లో అందరూ రాసుకునేది అరవమే. అక్షరాలు వచ్చింది నీకు, అప్పుడే నీ దగ్గర నేర్చుకుంటున్న మా అర్చితక్కకు, అంతే. మిగతా మాకు ఆ పుస్తకం అంటే నీ గొంతే.

ఇప్పుడు ఆ సీరియల్ మీద నేనొక కరపత్రం రాశాను. అందులో జముడి గురించి ఇలా మొదలుపెట్టాను, విను: "సముద్రం అడుగున ఉప్పుతో కట్టిన కోట. దాని తలుపు కాసే రాక్షసి జముడి. తల నిండా ముళ్ళు. లోపలికి పోనిమ్మని రాకుమారుడు కత్తి చూపించాడు, బంగారం చూపించాడు, చివరికి పెళ్ళాడి పట్టపురాణిని చేస్తానన్నాడు. కోట ఎవరిదని ఆమె అడిగింది. రాజుదన్నాడు. తలుపు కాసేవాళ్ళదే కోట అని చెప్పి, తనంతట తానే తలుపు తెరిచి, లోపల ఉప్పు మోసే బానిసలందరినీ బయటికి పంపి, ఎవరినీ పెళ్ళాడకుండా నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోయింది."

అత్తా, గాంధీ వీధి ఆదివారం సంతలో గోనెపట్టా మీద పరిచిన ఎనిమిది పేజీల ఉద్యమ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి నేను. వాటన్నిటిలో ఉన్నదాన్ని నాకు ముందే చెప్పింది జముడి. మొన్న వైతికుప్పంలో వలలు ఆరేసుకునే జాగా గురించి గొడవ వచ్చినప్పుడు నేను రాసిచ్చిన అరవ కరపత్రానికి 'తలుపు కాసేవాళ్ళదే కోట' అన్న ఆమె మాటే తలకట్టు, పైన పెద్ద అక్షరాల్లో. జాలరులు చదివి నవ్వారు, కానీ పడవకు అంటించుకున్నారు.

ఇప్పుడు టీవీలో ఆమె తల మీది ముళ్ళు పీకి మల్లెపూలు పెట్టారు. నిన్నటి భాగంలో రాకుమారుడి పాదాల దగ్గర కూర్చుని ఏడుస్తూ, "స్వామీ, ఈ తలుపూ మీదే, నేనూ మీదాన్నే" అంది. అవ్వ పళ్ళెం కింద పెట్టేసి, "ఏందిరా ఇది, మన జముడి యాడ్చే మనిషా? దానికి జ్వరమేమన్నా వచ్చిందా?" అంది. నేను టీవీ కట్టేశాను. "కట్టేయమని నేను చెప్పినానా? పెట్టు, యాడ్చేది ముగించనీ" అని నన్నే తిట్టింది.

ఆ మాటలు రాసింది ఎవరో నీకు తెలుసు. ఆ సీరియల్‌కు మాటలు రాసేవాళ్ళలో మన అర్చితక్క ఒకతె. అందుకే ఈ ఆదివారం మన తెలుగు సంఘం వాళ్ళు కల్యాణ మండపంలో ఆమెకు శాలువా కప్పుతున్నారు. ఆ మండపం గుమ్మంలోనే నా కరపత్రం పంచుతాను. అందులో అక్క పేరు కూడా పెట్టాను. అది పంచితే అక్క మళ్ళీ మన గడప తొక్కదని నాన్న ఒకసారి మెల్లగా అన్నాడు. నాకూ తెలుసు. తెలిసే చేస్తున్నాను. సొంతవాళ్ళను వదిలేసి పరాయివాళ్ళనే నిలదీసేవాడి మాటకు విలువ ఏముంటుంది?

ఇంకొకటి నీకు మాత్రమే చెబుతాను. చిన్నప్పుడు దుప్పటి కప్పుకుని జముడి వేషం వేసేది అక్క, బానిస వేషం నాది. ఆమె నన్ను విడిపించేది. అంత పని చేతికి వచ్చినప్పుడు, హైదరాబాదు నుంచి ఒక్కసారి, ఒరే నవనీత్, జముడిని ఇట్లా చేస్తున్నాం అని చెప్పలేదు. టీవీలో అందరితోపాటు చూసి తెలుసుకున్నాను.

నా కరపత్రాలు అచ్చు వేసే ఇళవరసన్ అణ్ణన్ ప్రెస్‌లో మ్యాటర్ సిద్ధంగా ఉంది. ఆయన ఒక్కటే అడ్డం పెట్టాడు: "తంబీ, పుస్తకంలో ఇట్లా ఉందని రాస్తే పేజీ నంబరు వెయ్యాల. మా ఉద్యమంలో పాత పెద్దలు నంబరు లేకుండా ఒక్క వాక్యం అచ్చు వెయ్యలే. లేకుంటే ఎదుటివాడు చించి చేతికి ఇస్తాడు." నిజమే. పుస్తకం నీ దగ్గరే ఉంది. మామ టౌనుకు వచ్చేటప్పుడు పంపించు. నీ రెండు మాటల సాక్ష్యం కూడా కావాలి.

నీ శిష్యుడు,
ఎస్. నవనీత్


కోసపాళయం
గురువారం

అత్తా,

పుస్తకం అందింది. మామ కొట్టులో ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నాన్నను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, వెనక పసుపు మూటల మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. నేను పూర్తిగా చదివిన మొదటి తెలుగు నవల ఇదే. సంతోషపడాల్సిన విషయం. కానీ పడలేదు.

జముడి నలభై ఒకటో పేజీలో వస్తుంది. "వికృతాకారయైన ఒక రాక్షసి ద్వారమున నిలిచియుండెను" అని ఉంది. నలభై రెండో పేజీలో రాకుమారుడు బాణం వేస్తాడు. ఆమె చచ్చిపోతుంది. మధ్యలో ఒక్క మాట మాట్లాడదు. తర్వాత రెండు వందల పేజీలూ రాకుమారుడు, అతని గుర్రం, అతని పెళ్ళి. ఉప్పు మోసే బానిసలు యాడా లేరు. తలుపు మాట లేదు.

ఎవరో పేజీలు చించేశారనుకున్నాను. నంబర్లు చూశాను, ఒక్కటీ తప్పిపోలేదు. కుట్టు కూడా విడలేదు. కాబట్టి ఇది కత్తిరించి వేసిన ప్రతి అయ్యుండాలి. పెద్ద పుస్తకం ఇంకొకటి ఉంటుంది, నువ్వు చదివింది అదే. జముడికి భయపడి ఎవరో ఆ భాగాలు తీసేసి మళ్ళీ అచ్చు వేశారు. ఇట్లాంటివి జరుగుతాయని నేను చదివాను. "అణ్ణా, ఇదొక పెద్ద కుట్ర" అని ఇళవరసన్ అణ్ణన్‌కు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "కుట్ర అయితే దానికీ పేజీ నంబరు తే" అన్నాడు.

అసలు పుస్తకం యాడుంది అత్తా? శనివారం సాయంత్రం లోపల చెప్పు. అక్క ఆ రోజే బస్సు దిగుతుంది.

నవనీత్


ఏంబలం
శుక్రవారం

చిరంజీవి నవనీత్‌కు, ఆశీస్సులతో,

ఇంకో పుస్తకం లేదురా. నా దగ్గర ఉన్నది అదొక్కటే, నేను చదివింది అందులోనించే.

ఆ దినం బాగా జ్ఞాపకం ఉంది. నలభై ఒకటో పేజీలో జముడి తలుపు దగ్గర నిలబడింది. మీ అవ్వ పూలు కట్టేది ఆపేసింది. "రాక్షసికి ఇల్లు లేదా? దినమంతా నిలబడే ఉంటుందా? కాళ్ళు నొయ్యవా?" అని అడిగింది. తిలకవతమ్మ గోడ అవతల నించి, "అన్నం ఎవరు తెచ్చి ఇస్తారంట?" అని అడిగింది. నేను పేజీ తిప్పితే బాణం. ఇద్దరు ఆడవాళ్ళు దాని అన్నం గురించి అడుగుతా ఉంటే నేను యాడ చంపేది? నోటికొచ్చింది చెప్పినాను. మరుసటి దినం ఇద్దరూ ముందే వచ్చి కూర్చున్నారు, జముడి ఏం చేసిందని. రాకుమారుడు వద్దు, గుర్రం వద్దు, జముడి కావాల. నాకూ అదే బాగుండింది. పేజీలు తిప్పతా పోయినాను, చెప్పతా పోయినాను.

నువ్వు సాక్ష్యం అడిగినావు. ఇదే నా సాక్ష్యం, కావాలంటే అచ్చు వేసుకో. పుస్తకాన్ని మార్చినవాళ్ళ పేర్లు వేస్తానంటివే, నా పేరు ముందు వెయ్యి, పెద్దదాన్ని కదా. అర్చిత పేరు దాని కింద వేసుకో.

ఇంకో మాట. నీ అక్క నీకు చెప్పలేదని రాసినావు. నువ్వు అడిగినావా? కరపత్రం రాసినంత సేపు పట్టదు గదరా, అడిగేదానికి.

మామకు ఆ దినం కడుపులో బాగలేదు, అందుకే టీ తాగలేదు. నువ్వు దానికీ ఏదో కారణం కట్టి ఉంటావు.

రుక్మణి


కోసపాళయం
సోమవారం

పుస్తకం తెరిచి పెట్టుకుని, పుస్తకంలో లేనిది చదివిన మా అత్తకు,

నీ ఉత్తరం శనివారం పొద్దున అందింది. మొదట నీ మీద కోపం వచ్చింది. తర్వాత ఎవరి మీద రావాలో తెలియలేదు. నేను కాపాడతానని జెండా పట్టుకున్న పుస్తకాన్ని నేను చదవనే లేదు. చదివి ఉంటే దాన్ని నేనే ఖండిస్తూ కరపత్రం వేసి ఉండేవాణ్ణి. ప్రెస్‌కు వెళ్ళి మ్యాటర్ ఆపమన్నాను. "పేజీ నంబరు దొరకలేదా?" అన్నాడు ఇళవరసన్ అణ్ణన్. "మనిషే దొరికింది, ఏంబలంలో ఉంది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, అయినా టీ చెప్పాడు.

సాయంత్రం బస్టాండుకు నేనే వెళ్ళాను. నన్ను చూసి అక్క బ్యాగు చేతికి ఇవ్వకుండా గట్టిగా పట్టుకుంది. "కరపత్రం ఏదిరా? ఈడనే ఇచ్చేస్తావా, మండపంలోనా?" అంది. నాన్న ఫోనులో చెప్పేశాడన్నమాట. తెలిసీ వచ్చింది చూడు.

"వెయ్యలేదు" అన్నాను. "జముడిని ఎందుకు అట్లా చేశావు?" అని అడిగాను. అంతే, అడగడానికి నిజంగానే ఎంతో సేపు పట్టలేదు.

బస్టాండు బయట నిలబడే చెప్పింది. కంపెనీవాళ్ళు నవల ప్రకారం రెండో వారంలోనే జముడిని చంపేయమన్నారట. ఒక్క రోజు వేషానికి ఎవరో అమ్మాయిని కూడా మాట్లాడారట. అక్క వద్దని కూర్చుంది. ఆమె బతకాలంటే ఏదో కారణం చూపించమన్నారు. తలుపు, బానిసలు అని ఈమె చెబితే ఎవరూ వినలేదు. రాకుమారుడిని ప్రేమిస్తుంది అంటే మాత్రం వెంటనే తల ఊపారు. "ప్రేమ లేకుంటే బాణమేరా. నేను ప్రేమ తీసుకున్నాను. బతికి ఉంటే రేపు ఏదైనా చెయ్యొచ్చు, చచ్చిపోయినదాంతో ఏం రాయను?" అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఒప్పుకోనిచ్చేవాడివా? నీ మాట విని ఉంటే రెండో వారంలోనే దానికి కర్మ చెయ్యాల్సి వచ్చేది."

బ్యాగు కోసం చెయ్యి చాపాను, ఈసారి ఇచ్చింది. మల్లెపూల గురించి మాత్రం దారి పొడుగునా తగాదా పెట్టుకున్నాను. ముళ్ళు కెమెరా ముందు ఊడి పడుతున్నాయని, మేకప్ చేసేవాడి పని అదని ఆమె అంటుంది. ఆ ఒక్క విషయంలో నేను ఇప్పటికీ ఒప్పుకోను.

నువ్వు పుస్తకంలో లేనిది చదివావన్న సంగతి నేను చెప్పబోతే అక్క నవ్వింది. ఆమెకు అప్పటినుంచే తెలుసట. అక్షరాలు కూడబలుక్కునే వయసులో నీ భుజం మీది నుంచి తొంగి చూసేదట. "పేజీలో ఒకటి ఉంటే అత్త ఇంకొకటి చెప్పతా ఉండె. చూపు పుస్తకం మీద లేదు, అవ్వ ముఖం మీద. నాకు రాసే పని అంటే ఏందో ఆడనే తెలిసింది" అంది. అప్పుడు ఎవరితోనూ ఎందుకు అనలేదంటే, బయటపడితే నువ్వు కథ ఆపేస్తావేమోనని భయపడిందట.

ఆదివారం మండపం నిండిపోయింది. శాలువా కప్పిన పెద్దాయన మైకు పట్టుకుని, "నవలలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా రాసిన మన ఆడబిడ్డ" అన్నాడు. వేదిక మీద అక్క పెదవి కొరుక్కుంది. కింద నేను కండువా నోట్లో కుక్కుకున్నాను. పక్కన అవ్వ నా తొడ గిల్లి, "ఏందిరా నవ్వు? ఆ యాడ్చేది తప్ప ఆయన ఉన్నదే కదా చెప్పతా ఉండాడు" అంది. నువ్వు కల్పించి చెప్పిన సంగతి అవ్వకు మేమిద్దరం ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నాకైతే, ఆయన చెప్పింది ఉన్నదే అని అవ్వ అన్నప్పుడు, అందులో తప్పు కనిపించలేదు.

కరపత్రాలు మానేశానని అనుకోకు. వైతికుప్పం వాళ్ళకు రెండోది రాస్తున్నాను, అదే తలకట్టు. ఆ మాట ఎవరిదని ఇళవరసన్ అణ్ణన్ అడిగితే మా అత్తదని చెప్పాను. పేరు ఇనీషియల్‌తో సహా వెయ్యమన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీవాళ్ళు వచ్చే నెల జముడికి పెళ్ళి చెయ్యమంటున్నారు, అక్కకు దారి దొరకడం లేదు. అందుకని ఎల్లుండి నాన్నకు కొట్టు అప్పగించి అవ్వ, అక్క, నేను పొద్దున బస్సుకే మీ ఊరు వస్తున్నాం. మామకు కడుపులో నయమైతే అందరికీ వంట, లేకుంటే రసం చాలు. నువ్వు చెప్పు, అక్క రాసుకుంటుంది, నేను అడ్డం తగులుతాను. అవ్వ మాత్రం బయలుదేరకముందే ఒకటి అడుగుతోంది: ఆ రాకుమారుడిని యాడికన్నా పంపించేసేదానికి కుదురుతుందా అని. కుదురుతుంది అంటోంది అక్క. యాడికి పంపేదో నువ్వు ఆలోచించి పెట్టు.

ఇట్లు, తగాదాకు సిద్ధంగా వస్తున్న
ఎస్. నవనీత్