తల్లి పేరు దగ్గర నీ పేరు

పోతిరెడ్డిపల్లి,
ఆదివారం

నాగవల్లక్కా,

ఫోనులో అయితే నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. అందుకే రాసి ఈయనతో పంపిస్తున్నాను.

వచ్చే నెల మా మరిది పెళ్లికి సూరత్‌కు విమానంలో వెళ్తున్నాం. మా లాస్యకు పుట్టిన సర్టిఫికెట్ కావాలన్నాడు టికెట్లు తీసినతను. నాలుగేళ్ల తర్వాత దాన్ని బయటికి తీశాను. తల్లి నాగవల్లి, తండ్రి ప్రవీణ్‌కుమార్ అని నీ పేరూ బావ పేరూ ఉన్నాయి. అప్పట్లో ఈయనది కాంట్రాక్టు పని, ఈఎస్ఐ కార్డు లేదు. బావది పర్మనెంటు ఉద్యోగం కాబట్టి ఆ కార్డు మీద, నీ పేరుతో నేను కాన్పుకు చేరాను. నర్సు "నాగవల్లీ" అని పిలిచినప్పుడల్లా వరండాలో నువ్వు పలికేదానివి.

పేర్లు మార్పిద్దామని సంగారెడ్డిలో సర్టిఫికెట్లిచ్చే ఆఫీసుకు వెళ్లాను. "గీ బిడ్డ నాది కాదని మీ అక్కతోని రాయించి, సంతకం పెట్టించుకొని రా అమ్మా" అన్నాడు గుమాస్తా. ఆ మాట రాయించిన కాగితం తెచ్చాను కానీ నీకు పంపడానికి మనసు రావడం లేదు. పిల్లల కోసం నువ్వు ఎన్ని ఆసుపత్రులు తిరిగావో నాకు తెలియనిదా?

ఆ సంతకం సంగతి పాపను బడిలో వేసేటప్పుడు చూద్దాం. నీకూ బావకూ కూడా టికెట్లు తీయించాను. "పెద్దమ్మ పక్కన్నే కూసుంట" అని లాస్య అప్పుడే మొదలుపెట్టింది.

ఎయిర్‌పోర్టులో పాప తల్లి ఎవరని అడుగుతారట. నేను నీ వెనకాల నిలబడతాను. నువ్వే చెప్పు, అక్కా.

నీ చెల్లెలు